సైన్సు పదాలకు బొమ్మల నోట్సు: 6, 7, 8 తరగతుల పిల్లల చేత ఎలా రాయించాలి?

బాష్పోత్సేకం (మొక్క ఆకుల నుంచి నీరు ఆవిరిగా బయటికి పోవడం) అంటే ఏమిటని అడిగితే గైడులోని నిర్వచనాన్ని తడుముకోకుండా అప్పజెప్పే విద్యార్థే, ఆకులున్న కొమ్మకు కట్టిన పాలిథిన్ కవరు లోపల చేరిన నీటి చుక్కలు ఎక్కడివని అడిగితే నోరు మెదపకుండా నిలబడటం సైన్సు చెప్పే ఉపాధ్యాయులందరికీ తెలిసిన సంగతే. పదం నోటికి వచ్చింది గాని, ఆ పదం చెప్పే పని కళ్లకు కట్టలేదు. ఈ లోటును పూడ్చడానికి బొమ్మల నోట్సు ఎలా రాయించాలని ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ పదేపదే అడుగుతున్నారు. పిల్లలకు బొమ్మలు రాకపోతే ఏం చేయాలి, దీనివల్ల పరీక్షల్లో మార్కులు తగ్గవు కదా అన్న సందేహాలు ఆ వెంటే వస్తున్నాయి. వాటన్నిటికీ కలిపి రాసిన సమాధానం ఇది.

పాఠ్యపుస్తకంలోని పటాన్ని చూసి దించుకోవడం బొమ్మల నోట్సు కాదు; పేజీ అంచుల్లో పూలూ లతలూ వేయడం అంతకన్నా కాదు. ఒక పదాన్ని, దాని పక్కనే ఉండి తికమక పెట్టే మరో పదం నుంచి వేరు చేసే సంగతి ఏదో, దాన్ని పిల్లలు తామే గీసి చూపడం బొమ్మల నోట్సు. ఆ సంగతి లేకపోతే బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా పని జరగనట్టే లెక్క.

సిద్ధాంతం ఇంతకు మించి అక్కర్లేదు గాని, సందేహించేవారి కోసం ఒక ప్రయోగాన్ని చెబుతాను. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో కొన్ని పదాలను విద్యార్థుల చేత మళ్లీ మళ్లీ రాయించారు, మరికొన్నింటికి బొమ్మలు వేయించారు. పదానికి 40 సెకన్ల సమయం ఇచ్చారు. తరువాత గుర్తున్న పదాలు చెప్పమన్నప్పుడు బొమ్మలు వేసిన పదాలే ఎక్కువగా గుర్తుకొచ్చాయి, బొమ్మ బాగుందా లేదా అన్నదానితో దానికి సంబంధం కనబడలేదు. అయితే అవి ఆపిల్ వంటి మామూలు వస్తువుల పేర్లు. వక్రీభవనం, తటస్థీకరణం వంటి పదాల దగ్గర ఇంకొంత జాగ్రత్త కావాలి, ఆ జాగ్రత్తలే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం.

కావలసినవి

రూళ్లు లేని తెల్ల లాంగ్ నోటుపుస్తకం ఒకటి, పెన్సిలు, రబ్బరు, స్కేలు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ రంగు పెన్సిళ్లు ఉంటే చాలు. మూడు రంగులకు మించి ఇవ్వకండి, పిల్లల ధ్యాస రంగు వేయడం మీదికి పోతుంది. వీటితో పాటు ఆ రోజు పదాన్ని చూపించడానికి కావలసిన ఇంటి వస్తువులు సిద్ధం చేసుకోండి: స్టీలు గ్లాసు, మంచు ముక్కలు, పాలిథిన్ కవరు, దారం, పసుపు, నిమ్మకాయ, సబ్బు నీళ్లు, మందార పువ్వు, పాఠాన్ని బట్టి ఇటువంటివి. స్టేషనరీ దుకాణాల్లో దొరికే అచ్చు బొమ్మలు కొని అంటించడం ఈ పనికి పనికిరాదు, ఎందుకంటే అక్కడ ఆలోచించింది బొమ్మ అచ్చువేసినవారే తప్ప పిల్లవాడు కాదు.

చేయవలసిన విధం

1. పాఠానికి ఆరు నుంచి ఎనిమిది పదాలు ఏరండి.

పాఠంలో ముద్దక్షరాల్లో ఉన్న పదాలన్నింటికీ బొమ్మలు వేయించాలని చూస్తే రెండో వారానికే పిల్లలూ మీరూ అలసిపోతారు. రెండు రకాల పదాలకు ముందు చోటివ్వండి. మొదటిది, జంటగానో గుంపుగానో వచ్చి తికమక పెట్టేవి: బాష్పీభవనం, బాష్పోత్సేకం; ద్రావణి, ద్రావితం, ద్రావణం; కణకవచం, కణత్వచం; పరాగ సంపర్కం, ఫలదీకరణం; కుంభాకార కటకం, పుటాకార కటకం. రెండోది, ఇంట్లో ఒక అర్థంతోనూ సైన్సులో మరో అర్థంతోనూ వాడే పని, బలం, శక్తి వంటి మాటలు. ఇవి తెలిసిన మాటలే కదా అని పిల్లలు వదిలేస్తారు, ఉపాధ్యాయులూ వదిలేస్తారు. తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే.

2. గీయించడానికి ముందు చూపించండి.

చూడనిదాన్ని గీయమంటే పిల్లలు పుస్తకంలోని పటాన్నే గీస్తారు. బాష్పోత్సేకానికి ఎండ తగిలేచోట ఉన్న మొక్క కొమ్మకు ఉదయం పాలిథిన్ కవరు కట్టి మధ్యాహ్నం చూపితే సరిపోతుంది. ఆకులు లేని కొమ్మకు మరో కవరు కడితే పోల్చడానికీ వీలుంటుంది. ఆవిరి చల్లబడి నీరయ్యే సాంద్రీకరణానికి మంచు ముక్కలు వేసిన స్టీలు గ్లాసు చాలు. ఆమ్లమో క్షారమో రంగు మారి తెలిపే సూచికలకు పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం మీద సబ్బు నీళ్లు వేయిస్తే ఎర్రబడుతుంది. చూపించే వీలు లేని పదమైతే, ఉదాహరణకు కేంద్రకం, సూక్ష్మదర్శిని ఉంటే ఉల్లిపొర చూపండి. లేకపోతే నల్లబల్ల మీద మీరే ఒక్కసారి గీసి, వివరించి, తుడిచేయండి. తుడిచేయడం తప్పనిసరి.

3. పేజీని నాలుగు గడులు చేయించండి.

పేజీ మధ్యలో పదం రాయించి చుట్టూ నాలుగు గడులు గీయించండి. పై ఎడమ గడిలో బొమ్మ, పై కుడి గడిలో సొంత వాక్యం, కింది ఎడమ గడిలో మన చుట్టుపక్కల కనిపించే ఒక ఉదాహరణ, కింది కుడి గడిలో ‘ఇది కాదు’ అన్న శీర్షికతో తికమక పెట్టే పదం. ఇది 1969లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డొరొతీ ఫ్రేయర్, ఆమె సహచరులు రూపొందించిన నాలుగు గడుల నమూనాకు దగ్గరి రూపం. దాంట్లో బొమ్మకు ప్రత్యేకంగా గడి లేదు. లక్షణాల జాబితా తీసేసి ఆ చోటు బొమ్మకిచ్చాం.

4. పుస్తకం మూయించి, గడియారం చూసి గీయించండి.

ముందు పిల్లవాడు అర్థాన్ని తన మాటల్లో పక్కవాడికి చెప్పాలి, ఆ తరువాతే పెన్సిలు పట్టాలి. బొమ్మకు మూడు నిమిషాలు చాలు. గీత, వలయం, చతురస్రం, త్రిభుజం, చుక్క, బాణం అనే ఆరింటితో ఏదైనా గీయవచ్చునని మొదటి రోజే చేసి చూపండి. మనిషి బొమ్మ అవసరమైతే తలకొక వలయం, ఒంటికొక గీత వేస్తే సరిపోతుంది.

పదంలోనే బొమ్మకు ఆధారం దొరికే సందర్భాలు మనకు ఎక్కువ. కుంభం అంటే కుండ అని గుర్తుచేస్తే మధ్యలో ఉబ్బిన కటకం చెయ్యి తిరగ్గానే వస్తుంది. పత్రరంధ్రం అన్నప్పుడు ఆకు అడుగున చిల్లు గీయకుండా ఉండలేరు. కానీ ప్రతి పదాన్నీ ఇలా విడదీయడానికి పూనుకోకండి. పదం విడదీసినంత మాత్రాన అర్థం తేలనివి చాలా ఉన్నాయి.

5. బాణాల అర్థం తరగతి మొత్తానికి ఒకటే ఉంచండి.

పదార్థం కదిలితే మామూలు బాణం, వేడిగానీ కాంతిగానీ ప్రసరిస్తే అలల బాణం, ఒకటి మరొకటిగా మారితే చుక్కల బాణం అని మొదటి పేజీలోనే రాయించండి. నీలం నీటికి, ఎరుపు వేడికి, ఆకుపచ్చ మొక్క భాగాలకు అని రంగులకు కూడా ఇలాగే ఒక కట్టుబాటు పెట్టుకోవచ్చు. బాణం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపని బొమ్మను ఒప్పుకోకండి.

హెచ్చరిక: విద్యుత్ వలయాల పాఠంలో ఘటం (బ్యాటరీ సెల్లు), స్విచ్చు, బల్బులకు ప్రామాణిక సంకేతాలున్నాయి. అక్కడ సొంత బొమ్మలు వద్దు. ఘటానికి పొడవు గీత ధన ధ్రువం, పొట్టి గీత రుణ ధ్రువం. తరచుగా తారుమారయ్యేవి ఇవే కాబట్టి ‘ఇది కాదు’ గడిలో తలకిందులుగా గీసిన ఘటాన్ని వేయించి కొట్టివేయించండి.

6. ‘ఇది కాదు’ గడిని వదలకండి.

నాలుగు గడుల్లో పిల్లలు ఖాళీగా వదిలేసేది ఇదే, నా దృష్టిలో అన్నింటికన్నా విలువైనదీ ఇదే. బాష్పీభవనం పేజీలో ‘ఇది కాదు’ కింద మరగడం రావాలి: ఒక గిన్నెలో ఉపరితలం నుంచి మాత్రమే చుక్కలు పైకి లేస్తుంటాయి, కింద మంట ఉండదు, రెండో గిన్నె కింద మంట, ద్రవమంతటా బుడగలు. పరాగ సంపర్కం పేజీలో పుప్పొడి ఉండే పరాగకోశం నుంచి, దాన్ని అందుకునే కీలాగ్రానికి ఒక బాణం ఉంటే, ‘ఇది కాదు’ గడిలో అండాశయం లోపలి అండం దగ్గర జరిగే ఫలదీకరణం ఉండాలి. కణత్వచం పేజీలో జంతుకణం, వృక్షకణం పక్కపక్కనే గీయించి, వృక్షకణానికి వెలుపల ఉన్న రెండో గీత కణకవచమనీ, జంతుకణానికి అది ఉండదనీ బాణంతో చూపించండి.

7. సొంత వాక్యం, ఉదాహరణ.

వాక్యం పుస్తకంలోది కాకూడదు, అది ఒక్కటే నియమం. ఉదాహరణ పిల్లవాడు స్వయంగా చూసినదై ఉండాలి: దండెం మీద ఆరిన బట్ట, తెల్లవారుజామున గడ్డి మీద మంచు బిందువులు, అన్నం గిన్నె మూత లోపల పట్టిన నీళ్లు.

8. మరునాడు, వారం తరువాత, యూనిట్ పరీక్షకు ముందు మళ్లీ గీయించండి.

నోట్సు తిరగేసి చూసుకోమనడం దీనికి బదులు కాదు. వాడేసిన కాగితాల వెనుక వైపు ఇచ్చి, పదం మాత్రం చెప్పి, బొమ్మను జ్ఞాపకం నుంచి గీయించండి. ఆ తరువాత నోట్సు తెరిచి పోల్చుకుని, వదిలేసినదాన్ని నోట్సులోని బొమ్మ మీదే ఎర్ర పెన్సిలుతో చుట్టించండి. పీరియడ్ మొదట్లో అయిదు నిమిషాలు దీనికి చాలు. సమయం లేదనుకునేవారు మిగతా మెట్లలో దేన్నైనా కుదించుకోవచ్చు గాని, దీన్ని వదిలేస్తే చేసిన శ్రమ చాలావరకు వృథా అవుతుంది.

9. పాఠం ముగిశాక పదాలన్నింటినీ ఒకే పేజీ మీద కలిపించండి.

జలచక్రం పాఠమైతే చెరువు, చెట్టు, మేఘం, కొండ గీసి, బాష్పీభవనం, బాష్పోత్సేకం, సాంద్రీకరణం, అవపాతం (వాన కురవడం వంటిది) ఎక్కడెక్కడ జరుగుతాయో బాణాల మీద రాయించండి. రెండు పేజీలు నిండితే నష్టం లేదు.

తరచుగా జరిగే తప్పులు

బొమ్మ గీయించడం వల్ల కలిగే అసలు లాభం, పిల్లల మనసులో ఉన్న పొరపాటు అభిప్రాయం కాగితం మీదికి రావడం. రాత సమాధానంలో అది దాగిపోతుంది. చల్లటి గ్లాసు బయట నీటి బిందువులు ఏర్పడటాన్ని సాంద్రీకరణం అంటారని రాసిన విద్యార్థే, గీయమన్నప్పుడు గ్లాసు లోపలి నీళ్ల నుంచి బయటికి బాణం వేస్తాడు. అంటే నీళ్లు గ్లాసు గోడలోంచి ఊరి బయటికి వచ్చాయని అతని నమ్మకం. బాణం చుట్టూ ఉన్న గాలి నుంచి గ్లాసు వైపు రావాలి. నోటితో సరిచేసి వదిలేయకుండా, గ్లాసులో నీళ్లకు కుంకుమో సిరానో కలిపి మళ్లీ చేయించండి. బయటి బిందువులకు రంగు లేదని చూసిన తరువాత అతనే బాణాన్ని చెరిపి తిప్పి గీస్తాడు.

నీటి ఆవిరిని తెల్లటి పొగలాగా గీయడం మరో తప్పు, దీన్ని పెద్దవాళ్లూ చేస్తారు. నీటి ఆవిరి కంటికి కనబడదు. మరుగుతున్న గిన్నె మీద మనకు కనిపించే తెల్లటి పొగ అప్పటికే చల్లబడి చిన్నచిన్న నీటి బిందువులుగా మారిన నీరు. కనబడనిదాన్ని గీయడానికి దూరదూరంగా చుక్కలు పెట్టించి, పొగ ఉన్నచోట సన్నని వలయాలు పెట్టిస్తే ఒకే బొమ్మలో నీరు ఆవిరి కావడమూ సాంద్రీకరణమూ రెండూ కనిపిస్తాయి.

ఘన, ద్రవ, వాయు స్థితులకు కణాలు గీసేటప్పుడు వాయువులో కణాలను పెద్దవిగా గీస్తారు, లేదా ద్రవంలో కణాల మధ్య దూరాన్ని ఘనానికీ వాయువుకూ సరిగ్గా నడిమధ్య ఉంచుతారు. కణాల పరిమాణం మారదు. ద్రవంలో కణాలు దాదాపు ఘనంలో ఉన్నంత దగ్గరగానే ఉంటాయి, వరుస మాత్రం ఉండదు. వాయువులో చాలా దూరంగా ఉంటాయి. పది చుక్కలు లెక్కపెట్టి మూడు గడుల్లోనూ అవే పది గీయమనడం సులువైన మందు. ఉప్పు నీళ్లకు గీసేటప్పుడు ఉప్పు చుక్కలన్నీ గ్లాసు అడుగున చేర్చేవారికీ, ఉప్పు కరిగి మాయమైందని ఖాళీ గ్లాసు గీసేవారికీ ఇదే వర్తిస్తుంది: వేసినన్ని చుక్కలు నీళ్లంతటా పరుచుకుని ఉండాలి.

ఆహారపు గొలుసులో బాణం తినే ప్రాణి నుంచి తినబడే ప్రాణి వైపు వేయడం అన్ని తరగతుల్లోనూ కనిపిస్తుంది. పాము కప్పను తింటుంది కాబట్టి బాణం పాము నుంచి కప్పకు పోవాలని వారి తర్కం. బాణం శక్తి ఎటు పోతున్నదో చూపుతుంది: గడ్డి నుంచి మిడతకు, మిడత నుంచి కప్పకు, కప్ప నుంచి పాముకు, పాము నుంచి గద్దకు. బాణం మీద ‘శక్తి’ అని రాయిస్తే ఈ తప్పు చాలావరకు తగ్గుతుంది.

మిగిలినవి చిన్నవి. బొమ్మకు భాగాల పేర్లు రాయకపోవడం, అలంకారానికి ఎక్కువ సమయం పెట్టడం, ముందు బెంచీలోని వారి బొమ్మను చూసి గీయడం. చివరిదాన్ని ఆపడానికి ప్రతి పిల్లవాడి ఉదాహరణ వేరుగా ఉండాలన్న నియమం సరిపోతుంది.

పదం వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

పదాన్ని చేతితో మూసి బొమ్మను పక్క విద్యార్థికి చూపించండి. అతను పదం చెప్పగలగాలి; తికమక పెట్టే పదం చెబితే, వేరు చేసే సంగతి బొమ్మలో లేదన్నమాట. రెండో పరీక్షగా, ఏదైనా ఒక బాణం మీద వేలు పెట్టి ‘ఇక్కడ ఏది కదులుతున్నది, ఎందుకు?’ అని అడగండి. జవాబు రాని బాణం పుస్తకం నుంచి దిగుమతి అయిన బాణమే.

మూడోది కాస్త కఠినం, నోట్సులో లేని సందర్భం ఇవ్వాలి. శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గరి ఉప్పు మడుల్లో సముద్రపు నీటిని ఎండలో నిలవబెడితే ఉప్పు మిగులుతుంది; ఈ పనిలో మీ నోట్సులోని ఏయే పదాలు ఉన్నాయో గీయమనండి. బాష్పీభవనం అందరికీ తడుతుంది. మడిలోని నీరు ద్రావణం, ఉప్పు ద్రావితం, మిగిలిన పలుకులు స్ఫటికీకరణం అన్నంతవరకు గీసినవారికి ఆ పాఠం పట్టుబడినట్టే. ఇటువంటి ప్రశ్న స్లిప్ టెస్టులో ఒకటి పెడితే ఎవరు బట్టీ పట్టారో ఎవరికి అర్థమైందో విడిగా తెలుస్తుంది. బొమ్మ అందానికి మాత్రం మార్కులు వేయకండి. ఒక్కసారి వేస్తే బొమ్మలు రానివారు ఆ తరువాత పెన్సిలు ముట్టరు.

పరిస్థితిని బట్టి మార్పులు

తరగతిలో యాభై మంది ఉంటే అందరి పేజీలూ రోజూ చూడటం సాధ్యం కాదు. నలుగురేసి జట్లు చేసి, మొదటి పరీక్షను వారికి వారే పెట్టుకునేట్లు చూసి, మీరు రోజుకొక వరుస నోట్సు తీసుకోండి. బొమ్మ గీయనని మొండికేసేవారికి సంపూర్ణమైన బొమ్మ కాకుండా బాణాలు, పేర్లు తీసేసిన సగం బొమ్మ ఇచ్చి పూర్తి చేయించి, నెమ్మదిగా మొత్తం గీసే దారికి తీసుకురండి. చూపు లేని పిల్లలకు మందపాటి అట్ట మీద దారం, జిగురుతో గీతలు ఉబ్బెత్తుగా చేసి ఇవ్వవచ్చు, కణం, పువ్వు వంటివాటికి మట్టి నమూనాలు ఇంకా మేలు. బాణం దిశ తెలియడానికి దారం చివర ఒక ముడి వేయండి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పుస్తకాలు చదివే పిల్లలకు బొమ్మ ఒక్కటే గీయించి, దాని కింద రెండు పదాలూ రాయించండి: సాంద్రీకరణం, కండెన్సేషన్. రెండు భాషలకు రెండు పేజీలు పెడితే అవి రెండు వేర్వేరు సంగతులని అనుకునే ప్రమాదం ఉంది. ఇంట్లో నేర్పే తల్లిదండ్రులకు సైన్సు తెలియకపోయినా ఇబ్బంది లేదు; పదాన్ని మూసి బొమ్మను చదవడం, బాణం మీద వేలు పెట్టి అడగడం అనే రెండు పనులు ఎవరైనా చేయగలరు.

ఇక మార్కుల సంగతి. పరీక్షలో ‘పటం గీసి భాగాలను గుర్తించండి’ అని అడిగినప్పుడు పాఠ్యపుస్తకంలోని పటాన్నే, స్కేలుతో గీసిన గీతల మీద పేర్లు రాసి, శుభ్రంగా గీయాలి. మూడు నిమిషాల బొమ్మ అక్కడ చెల్లదు. అందువల్ల పువ్వు, కణం, కన్ను, జీర్ణవ్యవస్థ వంటి పటాల అభ్యాసాన్ని వేరే నోటుపుస్తకంలో యథావిధిగా కొనసాగించండి. నిర్వచనాలు, తేడాలు రాయమనే ప్రశ్నలకు మాత్రం బొమ్మల నోట్సులోని రెండు గడులు నేరుగా పనికొస్తాయి: సొంత వాక్యం నిర్వచనానికి, ‘ఇది కాదు’ గడి తేడాలకు. పరీక్షకు వారం ముందు సొంత వాక్యం పక్కనే పాఠ్యపుస్తక నిర్వచనాన్ని కూడా రాయించి, రెంటిలో ఏ మాట తగ్గిందో పిల్లల చేతనే గీత గీయించండి.